పాత అంబాసిడర్: క్లచ్ నుంచి క్రౌన్ దాకా ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు షెడ్డుకు వెళ్తే తరచూ వినే మాట ఒకటుంది: "ఎలాగూ విప్పాం కదా సార్, అన్నీ కొత్తవి వేసేద్దాం." ఆ మాటకు వెంటనే సరే అనకండి. క్లచ్, గేర్‌బాక్స్, జాయింట్ షాఫ్ట్ (బాక్సు నుంచి వెనక్కి బలం మోసే పొడవాటి షాఫ్ట్), హౌసింగ్ (వెనక ఆక్సిల్ మధ్యలోని గేర్ల గూడు), ఆక్సిళ్లలో కొన్ని అరిగిపోయేందుకే చేసిన సామాన్లు. వాటిని మార్చక తప్పదు. మరికొన్ని మాత్రం సరైన ఆయిల్‌లో తిరుగుతున్నంత కాలం మన తర్వాతి తరానికి కూడా పనిచేస్తాయి. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. ఈరోజు బాగున్న క్రౌన్ పినియన్‌ను (హౌసింగ్‌లో బలాన్ని చక్రాల వైపు మళ్లించే గేర్ల జత) తీసి తుక్కులో వేస్తే, రేపు అంత మంచి ఉక్కుతో చేసినది దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే వయసు చూసి మార్చకండి, అరుగుదల చూసి మార్చండి. ఆ అరుగుదలను ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇదంతా.

1. ముందు మీ బండి ఏమిటో, దానితో ఏం చేస్తారో తేల్చుకోండి

అంబాసిడర్ అని పేరు ఒక్కటే అయినా లోపలి సామాను ఒక్కటి కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన పాత మోడళ్లలో 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్, నాలుగు గేర్ల బాక్సు ఉంటాయి. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది. 1990ల్లో వచ్చిన 1800 ఐఎస్‌జడ్‌లో ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు ఉంటాయి, గేర్ రాడ్ కింద ఉంటుంది. ఇసుజు రకానికి సామాను కాస్త సులువుగానే దొరుకుతుంది. పాత రకానికి వెతుక్కోవాలి. ఇక్కడ ఎక్కువగా పాత రకం గురించే చెబుతున్నాను, పరీక్షలు మాత్రం రెండింటికీ పనికొస్తాయి.

ఇక వాడకం. ఆదివారం పూట ఊళ్లో తిప్పే బండికి ఒక లెక్క, కుటుంబాన్ని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్‌కో అరకు ఘాట్‌కో వెళ్లే బండికి ఇంకో లెక్క. ఊళ్లో సంవత్సరాల తరబడి ఓర్చుకోదగిన చిన్న మోత, ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఎక్కి దిగే బండికి ప్రమాదం కావచ్చు. మీ వాడకం ఏమిటో మెకానిక్‌కు ముందే చెప్పండి. ఆయన సలహా దాన్ని బట్టి మారాలి. మారకపోతే ఆయన మీ బండి గురించి ఆలోచించడం లేదన్నమాట.

2. విప్పడానికి ముందు చెవితో వినండి

స్పానర్ పట్టకముందే సగం నిర్ణయం ఇక్కడే తేలుతుంది. అద్దాలు దించి, రేడియో ఆపి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని బయలుదేరండి.

మొదట బండి నిలబడి ఉండగానే, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా వినండి. క్లచ్ తొక్కనప్పుడు గరగర వినిపించి, తొక్కగానే ఆగిపోతే ఆ శబ్దం గేర్‌బాక్స్ లోపలిది: ముందు బేరింగ్‌దో లే షాఫ్ట్‌దో (బాక్సులో మెయిన్ షాఫ్ట్‌కు పక్కగా తిరిగే షాఫ్ట్). తొక్కనప్పుడు నిశ్శబ్దంగా ఉండి, తొక్కగానే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్‌ను (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగు) అనుమానించాలి. ఈ రెండింటి మధ్య ఖర్చులో చాలా తేడా ఉంది కాబట్టి తొందరపడకుండా నాలుగైదు సార్లు తొక్కి, వదిలి వినండి.

తర్వాత రోడ్డు మీద. ఫస్ట్, సెకండ్, థర్డ్‌లలో అరిచే బాక్సు ఫోర్త్‌లో నెమ్మదిస్తే లే షాఫ్ట్ వైపు చూడాలి. ఫోర్త్ డైరెక్ట్ గేర్. అందులో ఇంజిన్ బలం లే షాఫ్ట్ మీదుగా వెళ్లదు, అది ఉత్తినే తిరుగుతుంది. ఫోర్త్‌లో కూడా అదే అరుపు ఉంటే మెయిన్ షాఫ్ట్ బేరింగులో, లేదంటే శబ్దం అసలు బాక్సుదే కాదు.

వెనక నుంచి ఈల లాంటి శబ్దం వస్తుంటే యాక్సిలరేటర్‌తో ఆడుకుంటూ వినండి. తొక్కినప్పుడే వస్తోందా, వదిలినప్పుడే వస్తోందా, రెండింటిలోనూనా? తొక్కినప్పుడు మాత్రమే వస్తే క్రౌన్, పినియన్ పళ్లలో ముందుకు లాగే వైపు అరిగిందని అనుమానం. వదిలినప్పుడు, ముఖ్యంగా ఘాట్ దిగేటప్పుడు, మాత్రమే వస్తే పినియన్ బేరింగ్ వదులైందేమో చూడాలి. ఎప్పుడూ ఒకేలా గుర్రుమంటుంటే బేరింగులు. మలుపు తిరిగేటప్పుడే మారితే చక్రం బేరింగో, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) లోపలి చిన్న గేర్లో.

హౌసింగ్ విప్పేముందు టైర్లను కూడా తప్పకుండా అనుమానించండి. తారు రోడ్డు నుంచి సిమెంట్ రోడ్డు మీదికి ఎక్కగానే శబ్దం మారితే అది టైరు మోత. అరిగిన టైరు శబ్దాన్ని క్రౌన్ అరుపు అనుకుని హౌసింగ్ విప్పించుకున్న బండ్లు తక్కువేమీ లేవు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. పాత నాలుగు గేర్ల బాక్సులో ఫస్ట్‌కు సింక్రో (గేరు పడేముందు వేగాలను కలిపే రింగు) లేదు. కదులుతున్న బండిలో ఫస్ట్ వేస్తే గరగరమంటుంది. అది జబ్బు కాదు, దాని తయారీయే అంత. బండి పూర్తిగా ఆగాక వేయండి, లేదా డబుల్ క్లచ్ (న్యూట్రల్‌కు ఒకసారి, గేరుకు ఒకసారి క్లచ్ తొక్కడం) అలవాటు చేసుకోండి.

3. కిందికి వెళ్లి చేత్తో తిప్పి చూడండి

జాకీ ఒక్కటే పెట్టి కింద దూరకండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఆక్సిల్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. ర్యాంపు ఉన్న షెడ్డయితే ఇంకా మంచిది.

జాయింట్ షాఫ్ట్‌తో మొదలుపెట్టండి. రెండు క్రాస్‌ల (షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే నాలుగు కాళ్ల జాయింట్లు) దగ్గరా కప్పుల అంచులను టార్చి వేసి దగ్గరగా చూడండి. కప్పు చుట్టూ సన్నని ఎర్రటి పొడి, కుంకుమ రాలినట్టు కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు తుప్పు పట్టి నలుగుతున్నాయని అర్థం. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, ఆ క్రాస్ పని అయిపోయినట్టే. పొడి లేకపోతే ఒక యోక్‌ను (క్రాస్‌ను పట్టి ఉంచే చీలిక కొస) ఒక చేత్తో పట్టుకుని రెండోదాన్ని ఇంకో చేత్తో మెలితిప్పండి. కొంచెం కదిలినా మార్చాలి. విప్పాక క్రాస్ కాళ్ల మీద వేలి గోరుతో గీసి చూడండి. సూదులు పడిన చోట సన్నని గాడులు గోరుకు తగులుతాయి.

తర్వాత హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హౌసింగ్ దగ్గరి ఫ్లాంజ్‌ను (జాయింట్ షాఫ్ట్ బిగించే గుండ్రటి బిళ్ల) అటూ ఇటూ తిప్పండి. ఎంత తిరుగుతుందో ఫ్లాంజ్ మీద, దాని పక్కనున్న కదలని చోట సుద్దతో గీతలు పెట్టండి. ఈ ప్లేలో (వదులులో) క్రౌన్ పినియన్ వాటా కొంతే. డిఫరెన్షియల్ చిన్న గేర్లు, ఆక్సిల్ షాఫ్ట్ చివరి పళ్లు కూడా కలిసి ఉంటాయి. పైగా ఆక్సిల్ దగ్గరి కొద్దిపాటి ప్లే క్రౌన్ దాటి ఫ్లాంజ్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు రెట్లకు పైగా పెరిగి కనిపిస్తుంది. అందుకే ఫ్లాంజ్ తిరిగిందని చూపించి "క్రౌన్ పోయింది" అన్నవాళ్ల మాట నమ్మకండి. ఆ గీతలను ఫోటో తీసి ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచి రెండూ పోల్చండి. పెరిగిందా లేదా అన్నదే అసలు సంగతి.

స్టీరింగ్ పక్కన గేర్ రాడ్ ఉన్న బండిలో గేర్లు దొరకడం లేదంటే బాక్సు దింపకండి. కాలమ్ కింద నుంచి బాక్సు దాకా వెళ్లే రాడ్లు, వాటి చివర్లలోని బుష్‌లు చూడండి. బుష్ అరిగి రాడ్ వదులైతే ఎంత మంచి బాక్సులోనైనా సెకండ్‌కు బదులు ఇంకేదో పడుతుంది. గేర్ జారిపోతున్నా ముందు ఇవే చూడాలి, తర్వాత బాక్సు మౌంటింగ్ రబ్బర్లు.

ఆయిల్ కారుతోందా? హౌసింగ్ పైన గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడెక్కిన గాలి బయటికి పోలేక ఆయిల్‌ను సీళ్ల మీదుగా నెట్టేస్తుంది. సీలు మార్చినా నెలలో మళ్లీ కారుతుంది. కాబట్టి బ్రీదర్ శుభ్రం చేసి, ఆయిల్ మట్టం నింపే రంధ్రం అంచు దాకానే ఉందో లేదో చూసి, వారం నడిపి, అప్పటికీ కారితేనే సీలు సంగతి. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు, బాక్సుకు మధ్య క్లచ్‌ను కప్పే గూడు) కింది నుంచి కారితే ఇంకో కథ. పాత బీఎంసీ ఇంజిన్ వెనక వైపు రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద చెక్కిన మర గాడి ఆయిల్‌ను వెనక్కి లాగుతుంది. అక్కడ ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే. ధారగా కారితే ముందు ఇంజిన్ బ్రీదర్ చూడండి, తర్వాత పిస్టన్ రింగుల అరుగుదల. ఆ చుక్కల కోసం గేర్‌బాక్స్ దింపడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

4. ఆయిల్ దించి చూడండి

బండి పది కిలోమీటర్లు నడిచి వేడిగా ఉన్నప్పుడు బాక్సు ఆయిల్, హౌసింగ్ ఆయిల్ రెండు వేరు వేరు తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లోకి దించండి. ఎండలో పెట్టి, ఒక అయస్కాంతం ముంచి తీయండి. బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంటే భయం లేదు, ఈ వయసు బండికి అది సహజం. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే పలుకులు, పొలుసులు ఉంటే పళ్లో బేరింగులో చిట్లుతున్నాయి. గేర్‌బాక్స్ ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు తేలితే సింక్రో రింగులు అరుగుతున్నాయి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వరదల్లో మునిగిన బండికి ఇది తప్పకుండా చూడాలి.

హౌసింగ్‌లో హైపాయిడ్ గేర్లు (ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే పళ్లు) ఉంటాయి, దానికి ఈపీ 90 రకం ఆయిలే కావాలి. మిగిలిందని అదే డబ్బాలోంచి గేర్‌బాక్స్‌లో పోయనివ్వకండి. అది జీఎల్-5 గ్రేడ్ ఆయిల్ అయితే అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగులను తినేసే ప్రమాదం ఉంది. మీ మోడల్ మాన్యువల్‌లో బాక్సుకు ఏది రాసి ఉంటే అదే పోయాలి.

5. ఇప్పుడు ఒక్కొక్కటీ తేల్చండి

ప్రతి సామాను గురించి మూడు ప్రశ్నలు వేసుకోండి. రోడ్డు మీద ఇది విరిగితే ఏమవుతుంది? అరిగినట్టు కంటికో చేతికో ఆధారం దొరికిందా? దీని స్థానంలో వేసేది దీనికంటే మంచిదేనా?

క్రాస్‌లు, చక్రం బేరింగులు, బ్రేకు మీదికి కారే ఆక్సిల్ సీళ్ల విషయంలో మొదటి ప్రశ్న చాలు. వేగంలో క్రాస్ విరిగితే షాఫ్ట్ రోడ్డుకు తగులుతుంది. ఆయిల్ తడిసిన బ్రేకు లైనింగ్ పట్టదు. అనుమానం వస్తే మార్చండి, ఇవి మార్చడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. క్రాస్‌లు రెండూ ఒకేసారి వేయించండి. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్‌ల మీద, స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలు పళ్లతో ఒకదానిలో ఒకటి ఎక్కే చోటు) దగ్గర గుర్తులు పెట్టించండి. స్ప్లైన్‌ను ఒక్క పన్ను అటూ ఇటుగా ఎక్కించినా రెండు యోక్‌ల వరస తప్పి, కొత్త క్రాస్‌లతోనే బండి వణుకుతుంది.

ఆక్సిల్ షాఫ్ట్ బయటికి తీసినప్పుడు దాని చివరి పళ్లను కంటి ఎత్తులో పెట్టి చూడండి. పళ్లు నిటారుగా ఉండాలి. మెలితిరిగినట్టు కనిపిస్తే ఆ షాఫ్ట్ విరగడానికి సిద్ధంగా ఉంది. దాన్ని మళ్లీ వేయించుకోకండి.

క్లచ్ సంగతి వేరు. థర్డ్‌లోనో ఫోర్త్‌లోనో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ అరిచి బండి కదలకపోతే ప్లేటు అయిపోయింది. రివర్స్ వేసేటప్పుడు గరగరమంటే మాత్రం ప్లేటును నిందించకండి. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయండి. అప్పటికీ అరిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే సిలిండర్ వాషర్లు, గాలి చేరడం ముందు చూడాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్ర తీరపు ఊళ్లలో వానాకాలమంతా నిలబెట్టిన బండికి ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోతుంది. అది ప్లేటు అరగడం కాదు. చాలాసార్లు విడిపించుకుంటే సరిపోతుంది.

క్లచ్ కోసం బాక్సు దింపారంటే ఇంక "ఎలాగూ విప్పాం" అన్న మాట సరిగ్గా వర్తిస్తుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. పాత మోడళ్లలో రిలీజ్ బేరింగ్ కార్బన్ రకం, పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుంటే అది త్వరగా అరిగిపోతుంది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, గాట్లు ఉంటే లేత్ షాపులో సమం చేయించండి. క్రాంక్ చివరి చిన్న బుష్, బాక్సు మౌంటింగ్ రబ్బర్లు కూడా ఇప్పుడే మార్చాలి. సామాను ధర తక్కువ, దింపి ఎక్కించే కూలి ఎక్కువ. ఇవి వదిలేసి మళ్లీ ఆరు నెలలకు అదే కూలి ఇచ్చుకోవడం అనవసరం. కానీ బాగా పడుతున్న గేర్లను, నిశ్శబ్దంగా తిరుగుతున్న బేరింగులను "కిందికి వచ్చింది కదా" అని విప్పించకండి. కిందికి దిగడం వేరు, లోపల విప్పడం వేరు.

ఇక క్రౌన్ పినియన్. ఈ బండిలో తొందరపాటుకు ఎక్కువ బలయ్యేది ఇదే. క్రౌన్, పినియన్ రెండింటినీ జతగా నూరి తయారు చేస్తారు. ఒకటి ఒక సెట్‌లోంచి, ఇంకొకటి ఇంకో సెట్‌లోంచి తెచ్చి వేస్తే ఎంత కొత్తవైనా అరుస్తాయి, త్వరగా చిట్లుతాయి. కొత్త సెట్ వేస్తే పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలి, పినియన్ బేరింగులు ఎంత బిగువుండాలి, పక్క బేరింగులు ఎంత, పళ్ల మధ్య ఖాళీ ఎంత అని నాలుగు కొలతలు షిమ్‌లతో (పలచటి రేకు వాషర్లు) కుదర్చాలి. ఆఖర్న పళ్లకు నీలి రంగు పూసి తిప్పి, ఆ ముద్ర పన్ను మధ్యలో పడుతోందో లేదో చూడాలి. అంచుకు పడితే మళ్లీ విప్పాలి. డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే ముల్లు పరికరం) లేని చోట, రంగు పూసి చూపించని చోట హౌసింగ్ విప్పనివ్వకండి. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పండి.

నా మటుకు లెక్క ఇది. అరుపు ఏళ్ల తరబడి ఒకేలా ఉండి, ఆయిల్‌లో పలుకులు లేకపోతే ఆయిల్ మార్చి అలాగే నడపండి. అరుపు నెల రెండు నెలల్లో పెరిగినా, అయస్కాంతానికి పొలుసులు అంటినా ఇంక నడపకుండా విప్పించండి. చాలాసార్లు బేరింగులు మాత్రమే పోయి ఉంటాయి. కొత్త బేరింగులు వేసి, పాత జతనే పాత కొలతలకు కూర్చోబెడితే మళ్లీ చాలాకాలం వస్తుంది. పినియన్ సీలు ఒక్కటే మార్చాలంటే నట్, ఫ్లాంజ్, పినియన్ కొన మీద పంచ్‌తో గుర్తు పెట్టి, మళ్లీ సరిగ్గా ఆ గుర్తు దాకానే బిగించమని చెప్పండి. గట్టిగా ఉంటుందని ఇంకొంచెం బిగిస్తే బేరింగులు నలిగిపోతాయి.

6. సామాను ఎక్కడ, ఎలా కొనాలి

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్‌లలో ముందు అడగండి. పాత సామాను కావాలంటే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ పేరున్న చోట్లు. అంబాసిడర్ బెంగాల్‌లో పుట్టి, కోల్‌కతాలో ట్యాక్సీగా తిరిగిన బండి కాబట్టి అక్కడ దాని సామాను ఇంకా చేతులు మారుతుంది. సెకండ్‌హ్యాండ్ క్రౌన్ పినియన్ కొంటే రెండింటి మీదా జత నంబర్లు కలిశాయో లేదో, పళ్ల మీద గుంటలు ఉన్నాయో లేదో చూడండి.

బేరింగును "అంబాసిడర్ బేరింగ్" అని అడగకండి. పాత దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని తుడిచి రాసుకుని పెద్ద బేరింగ్ షాపుకు వెళ్లండి. మంచి కంపెనీ బేరింగు, నకిలీ కానిది అక్కడే దొరుకుతుంది. సీళ్లూ అంతే: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి తీసుకెళ్తే చాలు. డబ్బాలో ఇరవై ఏళ్లుగా ఉన్న "కంపెనీ" రబ్బరు సీలు చూసి మురిసిపోకండి, రబ్బరు ఊరికే ఉన్నా గట్టిపడిపోతుంది. గేర్లు, షాఫ్ట్‌ల విషయంలో మాత్రం కంపెనీ పాత స్టాక్ దొరికితే వదలకండి.

విరిగిన గేరు పంటికి వెల్డింగ్ పెట్టి నూరి ఇస్తామని కొన్ని చోట్ల చెబుతారు. నా సలహా, వద్దు. ఆ పన్ను ఊడిపడితే మిగతా బాక్సును కూడా తీసుకుపోతుంది.

7. కాగితాలు

అదే రకం క్లచ్, గేరు, క్రౌన్ వేసుకుంటే ఆర్సీతో పని లేదు. పాత ఇంజిన్, బాక్సు తీసేసి వేరే ఇంజిన్ వేయాలనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. ఇంకో చిక్కు ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. దానికి ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. అలా నమోదైన బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే అనుమతి. మీ బండి 1970ల మొదట్లోదైతే, డీజిల్ ఇంజిన్ ఎక్కించే ముందు ఈ తలుపు మూసేస్తున్నామని తెలిసే చేయండి. నాకైతే నడుస్తున్న అసలు ఇంజిన్‌ను తీయాలన్న ఆలోచనే నచ్చదు.

8. వేశాక

కొత్త క్లచ్‌తో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ట్రాఫిక్‌లో సగం పెడల్ మీద నిలబెట్టకండి. హౌసింగ్‌లో కొత్త సెట్ వేస్తే మొదటిసారి పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఆ రోజు ఘాట్ ఎక్కకండి, బరువు వేయకండి. ఆగినప్పుడల్లా పినియన్ దగ్గర హౌసింగ్ మీద, హబ్‌ల మీద చేయి దగ్గరగా పెట్టి చూడండి. ఒక వైపు మరీ కాలుతుంటే అక్కడి బేరింగు బిగువు ఎక్కువైంది, వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. 800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చి, మళ్లీ అయస్కాంతం ముంచి చూడండి.

తీసిన పాత సామానును షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. అరిగిన క్రాస్‌లు, ప్లేటు తుక్కుకు పోతే పోనీ. పళ్లు బాగున్న గేరు, షాఫ్ట్, క్రౌన్ జతకు గ్రీజు పూసి, నూనె గుడ్డలో చుట్టి, ఏ బండిలోంచి ఎన్ని కిలోమీటర్ల దగ్గర తీశారో చీటీ రాసి కట్టండి. క్రౌన్, పినియన్‌లను మాత్రం ఎప్పుడూ విడదీయకుండా ఒకే మూటలో ఉంచండి.